మూత్రపిండానికి కాస్త గడువు

"క్రియాటినిన్ పెరుగుతోంది, మూత్రం తగ్గిపోయింది." క్రియాటినిన్ అంటే మూత్రపిండాలు రక్తంలోంచి బయటికి పంపాల్సిన ఒక మలినం. ఐసీయూ బయట కూర్చున్నవాళ్ల గుండె జారిపోవడానికి ఈ మాట చాలు. వెంటనే అడుగుతారు: మరి డయాలసిస్ ఇంకా ఎందుకు పెట్టడం లేదు?

డాక్టర్లూ ఈ ప్రశ్నతో చాలాకాలం కుస్తీ పట్టారు. మలినాలు పేరుకోకముందే రక్తాన్ని శుభ్రం చేస్తే మేలు కదా అనిపిస్తుంది. 2016లో జర్మనీలోని ఒక ఆసుపత్రిలో, మూత్రపిండాలు హఠాత్తుగా దెబ్బతిన్న 231 మందిపై జరిగిన 'ఎలైన్' అధ్యయనం అవుననే చెప్పింది. 90 రోజుల్లో, త్వరగా మొదలుపెట్టినవారిలో 39 శాతం మంది, ఆగినవారిలో 55 శాతం మంది చనిపోయారు. అదే ఏడాది ఫ్రాన్స్‌లో 31 ఐసీయూల్లో 620 మందిపై జరిగిన 'అకీకీ'లో మాత్రం మరణాల్లో తేడా లేదు. పైగా, ఆగి చూసినవారిలో దాదాపు సగం మందికి డయాలసిస్ పెట్టనే లేదు.

2020లో వచ్చిన 'స్టార్ట్ ఏకేఐ' మరీ పెద్దది: 15 దేశాలు, మూడు వేల మంది. రెండు వర్గాల్లోనూ మరణాలు 44 శాతమే. కానీ బతికినవారిలో, త్వరపడినవారిలో 10.4 శాతం మందికి 90 రోజుల తర్వాతా డయాలసిస్ తప్పలేదు. ఆగినవారిలో అది 6 శాతం. నన్ను ఎక్కువగా ఆలోచింపజేసే అంకె ఇదే.

కారణం ఊహించడం కష్టం కాదు. డయాలసిస్ జరుగుతుండగా బీపీ పడిపోతే, అప్పుడప్పుడే కోలుకుంటున్న మూత్రపిండానికి రక్తం తగ్గి మళ్లీ దెబ్బ తగులుతుంది. పెద్ద సిరలోకి వేసే లావుపాటి గొట్టం వల్ల ఇన్ఫెక్షన్, రక్తస్రావం భయమూ ఉంటుంది. మలినాలతో పాటు కొన్ని యాంటీబయాటిక్స్ కూడా బయటికి పోతాయి.

అయితే పొటాషియం ప్రమాదకరంగా పెరిగి మందులకు లొంగకపోయినా, రక్తంలో ఆమ్లం మరీ ఎక్కువైనా, ఊపిరితిత్తుల్లో నీరు చేరి ఊపిరాడకపోయినా ఇక ఆగే ప్రశ్నే లేదు. ఇవేవీ లేకుంటే ఎంతకాలమైనా ఆగవచ్చా? 2021లో 'అకీకీ 2' దాన్నే పరీక్షించింది. మూడు రోజులకు పైగా మూత్రం బాగా తగ్గినవారిని, లేదా డెసిలీటరు రక్తంలో యూరియా అనే మలినం 240 మిల్లీగ్రాములు దాటినవారిని తీసుకుని, కొందరిలో ఇంకా వాయిదా వేసింది. లాభం కనిపించలేదు, ప్రాణాపాయం పెరిగిందన్న సూచనలు కూడా వచ్చాయి.

అందుకే ఆగుతున్నామని చెప్పే డాక్టరు చేతులు ముడుచుకుని కూర్చోరు. గంటగంటకూ మూత్రం కొలిపిస్తారు, పొటాషియం మళ్లీమళ్లీ చూస్తారు, యంత్రాన్ని సిద్ధంగా ఉంచుకుంటారు.