మిషన్‌కు మీ బొమ్మ కనపడదు

ప్రియమైన పిల్లలకు,

ఇంట్లోకి కంప్యూటర్ చెప్పిన గీత వెంట బ్లేడుతో కాగితం కోసే కటింగ్ మిషన్ వచ్చిందని, బడులు తెరిచేలోగా నోటు పుస్తకాలకు మీరే స్టిక్కర్లు చేసుకుంటారని విని చాలా సంతోషించాను. స్టిక్కర్ షీట్లు ఖరీదు కదా, అవి వృథా కాకూడదని ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను.

ముందు ఒక సంగతి గట్టిగా పట్టుకోండి. మీరు గీసిన పులి బొమ్మ మిషన్‌కు కనపడదు. మీది క్రికట్ (Cricut) కంపెనీ మిషన్ అయినా, సిల్హౌట్ కేమియో అయినా, దాని సాఫ్ట్‌వేర్ ముందు మీ ప్రింటర్‌తో బొమ్మతో పాటు అంచుల దగ్గర కొన్ని నల్ల గుర్తులు ప్రింట్ చేయిస్తుంది. తర్వాత ఆ షీటు మిషన్ లోపలికి వెళ్లగానే బ్లేడు దగ్గరుండే చిన్న సెన్సర్ ఆ గుర్తులనే వెతుక్కుంటుంది. కాగితం ఎంత వంకరగా ఉందో వాటిని బట్టే లెక్క కట్టి, ఇక్కణ్నించి ఇంత దూరంలో పులి తోక ఉండాలి అని నమ్మి కోస్తుంది. లెక్క తప్పిందా, తోక తెగుతుంది.

అందుకే ప్రింట్ ఇచ్చేటప్పుడు సైజు 100% దగ్గరే ఉంచండి. ‘ఫిట్ టు పేజ్’ నొక్కితే బొమ్మతో పాటు గుర్తుల మధ్య దూరం కూడా కుదించుకుపోతుంది, మిషన్ మాత్రం పాత కొలతలతోనే వెతుకుతుంది. షీటు బాగా మెరిసే రకమైతే సెన్సర్ వెలుగు ఎదురుకొట్టి నలుపు సరిగా అందదు. అప్పుడు గుర్తుల మీద మాత్రం మెరుపు లేని పారదర్శక టేపు అంటించండి. మిషన్ మీద నేరుగా ఎండ పడనివ్వకండి. ఇన్ని చేసినా అర మిల్లీమీటరు అటూ ఇటూ జరగడం మామూలే, కాబట్టి బొమ్మ చుట్టూ రెండు మిల్లీమీటర్ల తెల్ల అంచు వదలండి. టెన్షన్ ఉండదు.

షీటు మీ ప్రింటర్‌కు తగినదే కొనండి. ఇంక్‌జెట్ షీటును లేజర్ ప్రింటర్‌లో పెడితే ఆ వేడికి కరిగి లోపల అంటుకుపోవచ్చు. మామూలు ఇంక్‌జెట్ రంగు తడి తగిలితే చెదురుతుంది. నీళ్ల సీసాకు అంటించేదైతే రంగు పూర్తిగా ఆరాక, కోయకముందే పైన పారదర్శక లామినేషన్ పొర వేయండి. ఆ పొరతో నల్ల గుర్తులను మాత్రం కప్పకండి.

ఇక అసలు పనితనం బ్లేడు ఒత్తిడిలో ఉంది. స్టిక్కర్ షీటు రెండు పొరలు: పైన జిగురున్న పొర, కింద సిలికాన్ పూసిన బ్యాకింగ్ పేపర్. పై పొర పూర్తిగా తెగాలి, కిందిది తెగకూడదు. దీన్నే కిస్ కట్ అంటారు. ప్రతి కొత్త రకం షీటుకూ ముందు ఒక మూల చిన్న చదరం కోసి చూడండి. గోటితో దాని మూల లేపితే స్టిక్కర్ ఒక్కటే రావాలి. బ్యాకింగ్ వెనక్కి తిప్పి వెలుగులో పెడితే సన్నటి గీత కనపడవచ్చు, చిరుగు మాత్రం ఉండకూడదు. కింది కాగితం కూడా లేచి వస్తే ఒత్తిడి తగ్గించండి. అంచులు పీచులా సాగితే కొద్దిగా పెంచండి, లేదా బ్లేడు మొద్దుబారిందేమో చూడండి. బ్లేడు మార్చడం మాత్రం పెద్దవాళ్ల చేతే చేయించండి.

పేర్లు తెలుగులోనే వేస్తారు కదూ? నాకు అన్నిటికన్నా ఇష్టమైన పని అదే. కొన్ని డిజైన్ సాఫ్ట్‌వేర్లలో తెలుగు అక్షరాలు విడిపోతాయి: లక్ష్మిలో మ ఒత్తు కిందికి దిగకుండా పక్కన నిలబడుతుంది. పేరును తెలుగు సరిగా కుదిరే చోట టైప్ చేసి, వెనక రంగు లేని పీఎన్‌జీ (PNG) రకం బొమ్మ ఫైలుగా దాచుకుని తెచ్చుకోండి. అంగుళానికి 300 పిక్సెళ్లు ఉండాలి, అంటే రెండంగుళాల పేరుకు 600. గూగుల్ ఫాంట్స్ సైట్‌లో రామభద్ర, మండలి, సురవరం అనే తెలుగు అక్షర రూపాలు ఉచితంగా దొరుకుతాయి. లేబుల్‌కు లావుగా ఉండే రామభద్ర నిండుగా ఉంటుంది. అక్షరం చుట్టూ కోయకండి. సన్నటి ఒత్తులు, తలకట్లు లేచి చిరుగుతాయి. ఒత్తులు కూడా లోపల పడేంత పెద్ద కోడిగుడ్డు ఆకారం గీసి, దాని చుట్టూ కోయండి. పుస్తకాల సంచిలో రాపిడికి ముందు లేచేవి పదునైన మూలలే.

స్టిక్కర్ తీసేటప్పుడు దాన్ని పట్టి లాగకండి. వెనక కాగితాన్ని వంచి ఒలవండి, స్టిక్కర్ చుట్టుకుపోకుండా తిన్నగా వస్తుంది.

షీట్లు మిగిలితే ఈ ఏటి ఆవకాయ సీసాలకు లేబుళ్లు చేయండి. అంటించేముందు సీసాను సబ్బు నీళ్లతో తుడిచి బాగా ఆరనివ్వండి, నూనె మరక ఉన్నచోట జిగురు పట్టదు. ఏ ఏడాది పచ్చడో అంకెల్లో పెద్దగా వేయండి, అమ్మమ్మకు కళ్లజోడు లేకుండా కనపడాలి.

ఆశీస్సులతో,
మీ తాతయ్య