కోన్ నత్త మందు: తప్పు విషానిదా, డోసుదా?

2025 జనవరి 30న అమెరికా ఎఫ్‌డీఏ సుజెట్రిజిన్ అనే నొప్పి మాత్రకు అనుమతి ఇచ్చింది. ఇది ఓపియాయిడ్ (మార్ఫిన్ తరహా మందు) కాదు. నరాల్లోని ఒక సోడియం ఛానెల్‌ను, అంటే సంకేతాలు నడవడానికి తెరుచుకునే ద్వారాన్ని, మూసే మందు, నోటితో మింగేది. ఆ వార్తతో పాటే ఒక పాత తగువూ తిరిగొచ్చింది. ఛానెల్‌ను మూసి నొప్పి తగ్గించే ఓపియాయిడేతర మందు జైకొనోటైడ్, కోన్ నత్త అనే సముద్రపు నత్త విషం నుంచి వచ్చి 2004 డిసెంబరులోనే అనుమతి పొందింది కదా, అదెందుకు మూలన పడింది? (సుజెట్రిజిన్ కొద్దికాలం ఉండే తీవ్ర నొప్పికి, నత్త మందు ఏళ్ల తరబడి వేధించే నొప్పికి. పోలిక అంత సూటిగా కుదరదు. అయినా తగువు ఆగలేదు.)

నత్త విషాన్ని పరిశోధించిన శాస్త్రవేత్త ఒలివెరా, ఫిలిప్పీన్స్ తీరం, యూటాలో ఎలుకల మెదడులోకి విషం ఎక్కించి చూసిన విద్యార్థులు... ఇదంతా చాలాసార్లు చెప్పుకున్న కథే. ఇక్కడ కావాల్సింది ఇంతే: జైకొనోటైడ్ అనేది కోనస్ మాగస్ నత్తలో దొరికిన 25 అమైనో ఆమ్లాల గొలుసు (ఇలాంటి చిన్న గొలుసునే పెప్టైడ్ అంటారు). మూడు డైసల్ఫైడ్ (గంధకం) బంధాలతో ముడిపడి ఉంటుంది. వెన్నుపాములో నొప్పి కబురు అందించే నరాల కొసల దగ్గర ఎన్-టైప్ కాల్షియం ఛానెల్‌ను మూస్తుంది. సీసాలో ఉండేది నత్త నుంచి పిండింది కాదు, ల్యాబ్‌లో అచ్చం అలాగే కట్టింది.

మింగితే అరిగిపోతుంది. రక్తంలోకి ఎక్కిస్తే వెన్నుపాముకు చేరేది అత్యల్పం. పైగా అదే ఛానెల్ బీపీని నిలబెట్టే సింపథెటిక్ నరాల్లోనూ ఉంది కాబట్టి లేచి నిలబడేసరికి బీపీ పడిపోతుంది. అందుకే పంపు, సన్నని గొట్టం పెట్టి వెన్నుపాము చుట్టూ ఉండే ద్రవంలోకి నేరుగా వదలాల్సి వచ్చింది. ఇంతవరకు ఎవరికీ పేచీ లేదు. అసలు మలుపు ఎంత వేగంగా వదలాలన్న దగ్గరే వచ్చింది.

1996 మార్చి నుంచి 1998 జులై వరకు క్యాన్సర్, ఎయిడ్స్ నొప్పితో ఉన్న 111 మందిపై ఒక ట్రయల్ జరిగింది. మొదటి డోసు గంటకు 0.4 మైక్రోగ్రాములు, అంటే రోజుకు 9.6. దాన్ని ఐదారు రోజుల్లోనే పైకి తీసుకెళ్లారు. నొప్పి కొలత మందు తీసుకున్నవారిలో సగటున 53.1 శాతం మెరుగుపడింది, ఉత్తుత్తి మందు తీసుకున్నవారిలో 18.1 శాతం. కానీ తల తిరగడం, మతిమరుపు, తికమక, లేనివి కనిపించడం వంటివి ఎంతగా వచ్చాయంటే, ట్రయల్ నడుస్తుండగానే ప్రారంభ డోసును గంటకు 0.1కి, అంటే రోజుకు 2.4కి, దించారు.

ఎందుకలా జరిగిందో మందు నడకలోనే ఉంది. ఇది నీటిలో కరిగే పెప్టైడ్. ద్రవం నుంచి వెన్నుపాము కణజాలంలోకి నిదానంగా ఇంకుతుంది, నిదానంగానే బయటికొస్తుంది. ద్రవంలో దీని అర్ధాయువు (సగానికి తగ్గే సమయం) దాదాపు నాలుగున్నర గంటలే, అయినా మందు ఆపాక తికమక పూర్తిగా తగ్గడానికి రెండు వారాలు పట్టవచ్చు. అలాంటి మందును రోజుల లెక్కన పెంచితే నిన్నటి డోసు ప్రభావం బయటపడకముందే ఇవాళ్టిది దాని మీద పడుతుంది.

తర్వాతి ట్రయల్ ఫలితాలు 2006లో అచ్చయ్యాయి. 220 మంది, రోజుకు 2.4 మైక్రోగ్రాములతో మొదలు, మూడు వారాల పాటు కొద్దికొద్దిగా పెంపు. చివరికి సగటు డోసు రోజుకు ఏడు మైక్రోగ్రాముల లోపే ఆగింది. తీవ్రమైన దుష్ప్రభావాల్లో అసలు మందు, ఉత్తుత్తి మందు గుంపుల మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు. అయితే నొప్పి మెరుగుదల 14.7 శాతం, ఉత్తుత్తి మందుకు 7.2.

మందును తోసిపుచ్చేవారు ఈ రెండో అంకెనే ముందుకు తెస్తారు: తట్టుకోగలిగిన డోసులో ఫలితం లేదు, ఫలితమున్న డోసు తట్టుకోలేరు. వాదన తేలిగ్గా కొట్టేసేది కాదు. కానీ ఆ 220 మందిలో చాలామంది వెన్నులోకి ఇచ్చిన మార్ఫిన్ సహా అన్నీ వాడి విసిగినవారు. పైగా మూడు వారాలంటే ఈ మందుకు పెంపు దశ, అంతే. 2017లో నిపుణుల బృందం రోజుకు 0.5 నుంచి 1.2 మైక్రోగ్రాములతో మొదలుపెట్టి, వారానికి ఒకసారికి మించకుండా, ప్రతిసారీ 0.5 లోపే పెంచమంది. 9.6 నుంచి 0.5కి దిగడానికి రెండు దశాబ్దాలు పట్టింది. మందు పేరు మాత్రం 9.6 నాడే చెడింది.

పంపు దగ్గర జరిగే పొరపాట్లూ ఆ పేరులో కలిసిపోయాయి. పెప్టైడ్ కొత్త పంపు లోపలి గోడలకు అంటుకుంటుంది. అందుకే మొదటిసారి మిల్లీలీటరుకు 25 మైక్రోగ్రాముల ద్రావణం 2 మి.లీ. చొప్పున మూడుసార్లు కడిగి, ఆ తర్వాతే నింపాలి. 14 రోజుల్లోపు మళ్లీ నింపాలి. కడగడం మానేస్తే రోగికి అందేది తక్కువ. ఫలితం లేదనుకుని డాక్టర్ డోసు పెంచుతారు. రెండోసారి నింపాక అసలు గాఢత, పెంచిన డోసు కలిసి ఒకేసారి దిగుతాయి. తొలి ట్రయళ్లలో భయపెట్టిన మెనింజైటిస్ (మెదడు, వెన్నుపాము పొరల వాపు) కూడా దాదాపు అంతా శరీరం బయట కట్టిన పంపులతో వచ్చిందే.

ఇంకో చిక్కు ఉంది. బాగా వాడుకలో ఉన్న, ఒంట్లో అమర్చే ఒక పంపు కనిష్ఠ వేగం రోజుకు 0.048 మి.లీ. 25 మైక్రోగ్రాముల ద్రావణంతో అది రోజుకు 1.2 మైక్రోగ్రాములు అవుతుంది. అంతకు తగ్గాలంటే పలుచన చేయాలి, కొత్త పంపు తొలి నింపుడుకు అది కూడదు.

నత్త విషం నుంచి "ఇరవై ఏళ్లలో ఒక్కటే మందు" అనేవారు వీసీ1.1 అనే మరో నత్త పెప్టైడ్‌ను కూడా ఇదే ఖాతాలో వేస్తారు. అది వేరే కథ. కోనస్ విక్టోరియే నుంచి వచ్చిన ఆ పెప్టైడ్‌ను మెల్‌బోర్న్‌లోని మెటబాలిక్ ఫార్మాస్యూటికల్స్ 2007లో ఆపేసింది. ఎలుక గ్రాహకం (కణం మీద మందు అతుక్కునే చోటు) మీద బలంగా పనిచేసింది మనిషి గ్రాహకం మీద చాలా బలహీనంగా తేలింది. అక్కడ డోసు తప్పు లేదు, వెన్నుపాము సమస్యా లేదు. 2010లో ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు ఆ గొలుసు రెండు కొసలనూ కలిపి గుండ్రంగా మారిస్తే ఎలుకల్లో నోటితో ఇచ్చినా పనిచేసింది.

జైకొనోటైడ్‌కు అనుకూలంగా ఒక మాట ఈ రచ్చలో వినపడదు. ఓపియాయిడ్లలా దీనికి శరీరం అలవాటుపడదు, అవసరమైతే ఒక్కసారిగా ఆపేయవచ్చు. అయితే గతంలో సైకోసిస్ (వాస్తవంతో సంబంధం తెగే మానసిక స్థితి) ఉన్నవారికి ఇవ్వకూడదు. కండరాల ఎంజైమ్ సీకేను మొదటి నెల రెండు వారాలకోసారి, తర్వాత నెలకోసారి చూడాలి.

లేబుల్‌లో ఇప్పటికీ ఉన్న మాట "రోజుకు 2.4 మైక్రోగ్రాములకు మించకుండా" మొదలుపెట్టమని. 2.4తో మొదలుపెట్టిన డాక్టరూ, 0.5తో మొదలుపెట్టిన డాక్టరూ ఇద్దరూ లేబుల్ ప్రకారమే చేసినట్టు.