రేడియేషన్ అనే ఒక్క మాట వెనక నూరేళ్ల కథ

మా అపార్ట్‌మెంట్ మేడ మీద సెల్ టవర్ పెడతామని ఒక కంపెనీ వాళ్లు అడిగినప్పుడు అసోసియేషన్ మీటింగులో పెద్ద గొడవే జరిగింది. అందరూ మాట్లాడారు గానీ, మూడో అంతస్తులో ఉండే పెద్దావిడ అడిగిన మాటే నాకు గుర్తుండిపోయింది. "ఎక్స్‌రే తీసే అబ్బాయి మనల్ని లోపల నిలబెట్టి, తను తలుపేసుకుని బయటికి పోతాడు కదా బాబూ. టవర్ నుంచి వచ్చేది కూడా రేడియేషనే అంటున్నారు. మరి మేం ఎక్కడికి పోవాలి?"

"ఏం కాదండీ" అని కొందరు, "క్యాన్సర్ వస్తుంది" అని కొందరు అన్నారు. ఎందుకో మాత్రం ఎవరూ చెప్పలేకపోయారు.

ఆవిడ ప్రశ్నలో తప్పేమీ లేదు. ఎక్స్‌రే, టవర్ సిగ్నల్, ఎండ, పొయ్యి సెగ, టీవీ రిమోట్ కిరణం, అన్నీ ఒకే జాతివి. అన్నీ విద్యుదయస్కాంత తరంగాలే. అయితే తేడా ఎక్కడుంది? ఇది తేలడానికి శాస్త్రవేత్తలకే నూరేళ్లకు పైగా పట్టింది.

1800లో ఇంగ్లండులో విలియం హెర్షెల్ ఎండను పట్టకంతో రంగులుగా విడదీసి, ఒక్కో రంగులో థర్మామీటరు పెట్టి చూశాడు. ఎరుపు దాటాక, కంటికి ఏ రంగూ కనిపించని చోట పెట్టిన థర్మామీటరే అన్నిటికంటే ఎక్కువ వేడెక్కింది. దాన్నే ఇప్పుడు పరారుణ కాంతి అంటున్నాం. మరుసటి ఏడాది జర్మనీలో రిట్టర్ రెండో కొస పట్టుకున్నాడు. ఊదా రంగుకు అవతల, చీకటిగా కనిపించే చోట, వెలుగు తగిలితే నల్లబడే సిల్వర్ క్లోరైడ్ అనే రసాయనం ఇంకా త్వరగా నల్లబడింది. అది అతినీలలోహితం. అంటే మన కన్ను చూసేది మధ్యలో ఒక చిన్న ముక్క మాత్రమే. కావాలంటే రిమోట్‌ను ఫోన్ కెమెరా వైపు తిప్పి బటన్ నొక్కి చూడండి. చాలా ఫోన్లలో, కంటికి కనిపించని ఆ కిరణం తెల్లగానో ఊదాగానో మిణుకుమంటుంది.

ఈ వెలుగులకూ కరెంటుకూ సంబంధం ఉంటుందని అప్పట్లో ఎవరికీ తట్టలేదు. 1820లో అయిర్‌స్టెడ్ తీగలో కరెంటు పారిస్తే పక్కనున్న దిక్సూచి ముల్లు కదిలింది. 1831లో ఫారడే తీగచుట్టలో అయస్కాంతాన్ని కదిపితే కరెంటు పుట్టింది. ఈ రెండిటినీ స్కాట్లండ్ శాస్త్రవేత్త మాక్స్‌వెల్ లెక్కల్లో కలిపాడు. మారుతున్న విద్యుత్ క్షేత్రం అయస్కాంత క్షేత్రాన్ని పుట్టిస్తుంది, మారుతున్న అయస్కాంత క్షేత్రం మళ్లీ విద్యుత్ క్షేత్రాన్ని పుట్టిస్తుంది. ఒకదాన్నొకటి పుట్టించుకుంటూ రెండూ ముందుకు సాగిపోతాయి. ఎంత వేగంతో? అంతకుముందే జర్మనీలో, గాజు సీసాలో నిల్వచేసిన విద్యుదావేశాల మీద చేసిన కొలతల్ని వాడితే, సెకనుకు దాదాపు 3,10,000 కిలోమీటర్లని లెక్క వచ్చింది. కాంతి వేగం కూడా ఇంచుమించు అంతేనని ఫ్రాన్సులో ఫిజో 1849లోనే కొలిచి ఉన్నాడు. సీసాలో దాచిన విద్యుత్తును కొలిస్తే సూర్యకాంతి వేగం బయటపడింది! సైన్సు చరిత్రలో నాకు ఇంతకన్నా ఒళ్లు పులకరించే ఘట్టం ఇంకొకటి లేదు.

ఈ తరంగాలు దేనితో తయారయ్యాయని అడిగితే మొదటి జవాబు అదే: ఆ రెండు క్షేత్రాలతో. చెరువు అలకు నీళ్లు కావాలి, మాటకు గాలి కావాలి. వీటికి ఏదీ అక్కర్లేదు. మాక్స్‌వెల్ మాత్రం ఆ సంగతి ఒప్పుకోలేదు. ఈథర్ అనే ఏదో పదార్థం అంతటా నిండి ఉందని నమ్మాడు. 1887లో అమెరికాలో మైకెల్సన్, మోర్లే ఎంత వెతికినా దాని జాడ దొరకలేదు.

అదే 1887లో జర్మనీలోని కార్ల్స్‌రూలో హైన్రిక్ హెర్ట్జ్ ఈ తరంగాల్ని నిజంగా పుట్టించే పనిలో ఉన్నాడు. ఒక పక్క పెద్ద నిప్పురవ్వ మెరుస్తుంది. కొంత దూరంలో ఒక తీగ వలయం ఉంటుంది, దాని కొసల మధ్య సన్నటి సందు. అక్కడికి తరంగం చేరితే ఆ సందులో చిన్న రవ్వ మెరవాలి. ఆ రవ్వ ఎంత చిన్నదంటే చీకట్లో కళ్లు చికిలించుకుని చూడాలి. బాగా కనిపించాలని హెర్ట్జ్ ఆ వలయం చుట్టూ చీకటి పెట్టె కట్టాడు. తీరా చూస్తే రవ్వ ఇంకా చిన్నదైపోయింది. పెట్టె పలకల్ని ఒక్కొక్కటే తీసి చూశాడు. రెండు రవ్వలకూ మధ్యనున్న పలకే అడ్డుపడుతోందని తేలింది. అక్కడ గాజు పలక పెడితే, వెలుగు దాటుతున్నా రవ్వ చిన్నదిగానే ఉంది. క్వార్ట్జ్ పలక పెడితే మళ్లీ పెరిగింది. గాజు ఆపేదీ క్వార్ట్జ్ వదిలేదీ అతినీలలోహితం. పెద్ద రవ్వలోని అతినీలలోహితం చిన్న రవ్వకు సాయపడుతోందన్నమాట. ఆ సంగతి అచ్చువేసి, ఎందుకన్నది తేల్చకుండానే ఆయన తన తరంగాల దగ్గరికి తిరిగి వెళ్లిపోయాడు. 1888కల్లా రేడియో తరంగాలు ఉన్నాయని రుజువు చేశాడు, 1894లో 36 ఏళ్లకే పోయాడు. పెద్దావిడ ప్రశ్నకు జవాబు ఆయన పక్కన పెట్టేసిన ఆ పెట్టెలోనే ఉంది.

ఆ తర్వాత ఈ తరంగాల కుటుంబం త్వరత్వరగా పెరిగింది. 1895లో కలకత్తాలో జగదీశ్ చంద్ర బోస్ మిల్లీమీటర్లలో కొలిచేంత పొట్టి తరంగాల్ని పుట్టించాడు. 5జీ అనగానే భయపెట్టే మిల్లీమీటర్ తరంగాలు మన దేశంలో పుట్టి నూట ముప్పై ఏళ్లయింది. అదే ఏడాది నవంబరులో రాంట్‌జెన్‌కు ఎక్స్‌రే కనిపించింది, 1900లో విల్లార్డ్‌కు గామా కిరణాలు.

వీటన్నిటికీ వేగం ఒక్కటే. సెకనుకు ఎన్నిసార్లు ఊగుతాయన్నదే తేడా, దాన్నే పౌనఃపున్యం అంటాం. అయితే ఊగడంలో తేడా ఉంటే మనకేంటి?

హెర్ట్జ్ వదిలేసిన చిక్కుముడిని 1902లో లెనార్డ్ అనే శాస్త్రవేత్త పట్టుకున్నాడు. అతినీలలోహితం లోహం మీద పడితే ఎలక్ట్రాన్లు ఊడివస్తాయి. కాంతిని ఎంత పెంచినా ఎక్కువ ఎలక్ట్రాన్లు వస్తాయే తప్ప, ఒక్కో ఎలక్ట్రాన్ ఊపు పెరగదు. 1905లో ఐన్‌స్టీన్ కారణం చెప్పాడు. కాంతి శక్తి పొట్లాలుగా వస్తుంది, ఒక్కో పొట్లంలో ఎంత శక్తి ఉందన్నది పౌనఃపున్యాన్ని బట్టే ఉంటుంది, అది పెరిగితే ఇదీ పెరుగుతుంది. ఆ పొట్లాలకే తర్వాత ఫోటాన్లని పేరొచ్చింది. చెట్టు మీద మామిడికాయ రాలాలంటే గుప్పెడు ఇసుక రోజంతా విసిరినా లాభం లేదు. ఒక్క రాయి సరిగ్గా తగిలితే చాలు.

ఇక్కడ మనవాడి పేరు చెప్పకుండా ముందుకు పోలేను. అప్పటి కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో పుట్టిన సూరి భగవంతం, సి.వి. రామన్‌తో కలిసి, ఈ ఫోటాన్‌కు బొంగరంలా స్పిన్ అనే గుణం ఉందని 1931లో ప్రయోగంతో చూపించారు. కాంతి దేనితో తయారైందన్న ప్రశ్నకు జవాబులో ఒక తెలుగువాడి చేతి పని కూడా ఉంది.

ఇప్పుడు టవర్ లెక్క చూద్దాం. 900 మెగాహెర్ట్జ్, అంటే సెకనుకు 90 కోట్ల సార్లు ఊగే సిగ్నల్‌లోని ఒక్క ఫోటాన్ శక్తి, పచ్చటి వెలుగులోని ఫోటాన్ శక్తిలో 6 లక్షలవ వంతు. ఎక్స్‌రే ఫోటాన్ పచ్చటి వెలుగు కంటే పది వేల రెట్లు పైమాటే. అణువుల బంధాలు తెంచాలంటే కొన్ని ఎలక్ట్రాన్ వోల్టుల (అణువుల స్థాయిలో శక్తిని కొలిచే చిన్న కొలత) శక్తి కావాలి. ఎక్స్‌రే దగ్గర అది వేలల్లో ఉంటుంది, అందుకే ఆ అబ్బాయి రోజుకు అన్నిసార్లు తలుపేసుకుంటాడు. టవర్ ఫోటాన్ దగ్గర అందులో లక్షోవంతు కూడా ఉండదు. అది ఇసుక.

ఇసుకైనా కుప్పగా మీద పడితే నొప్పే. రేడియో తరంగాలు మరీ తీవ్రంగా ఉంటే ఒంటిని వేడెక్కిస్తాయి, మైక్రోవేవ్ ఓవెన్ పని చేసేది అలాగే. అందుకే పరిమితులు పెట్టారు. మన దేశంలో 2012 సెప్టెంబరులో టవర్ల పరిమితిని అంతర్జాతీయ పరిమితిలో పదో వంతుకు, అంటే 900 మెగాహెర్ట్జ్ దగ్గర చదరపు మీటరుకు 0.45 వాట్లకు తగ్గించారు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2011లో ఈ తరంగాల్ని "క్యాన్సర్ కారకం అయ్యే అవకాశం ఉన్నవి" అనే జాబితాలో చేర్చిన మాటా నిజమే. రుజువులు పరిమితంగా ఉన్నప్పుడు వాడే వర్గం అది. భయపడేవాళ్లను వెక్కిరించడం నాకు నచ్చదు, ఈ రెండు సంగతులూ వాళ్లకు చెప్పాల్సిందే.

తర్వాతి ఆదివారం పెద్దావిడ మేడ మీద వడియాలు పెడుతుంటే ఇదంతా చెప్పాను. ఇప్పుడు మన మీద పడుతున్న ఎండలో, చర్మాన్ని కమిలించే అతినీలలోహిత ఫోటాన్ టవర్ ఫోటాన్ కంటే పది లక్షల రెట్లు బలమైనదని కూడా చెప్పాను. ఆవిడ కొంగు తల మీదికి లాక్కుని, "సరే బాబూ, పెట్టాక ఎంత వస్తుందో కొలిచి చూపిస్తారా మరి?" అన్నారు. టెలికాం శాఖ తరంగ్ సంచార్ పోర్టల్‌లో అర్జీ పెట్టుకుంటే కొలుస్తారు. అసోసియేషన్ రాసిన షరతుల్లో మొదటిది ఆవిడ అడిగిందే.