సెంట్రోసోమ్ పెత్తనం ఎంతవరకు? సూక్ష్మనాళికలపై అపోహలు - వాస్తవాలు

ఇంటర్ పుస్తకంలో జంతుకణం బొమ్మ గుర్తుందా? కేంద్రకం పక్కన సెంట్రోసోమ్ అనే చిన్న చుక్క, దాన్నుంచి సూర్యకిరణాల్లా నలుదిక్కులకూ గీతలు. ఆ గీతలే సూక్ష్మనాళికలు, అంటే ట్యూబ్యులిన్ అనే ప్రోటీన్‌తో కట్టిన సన్నని గొట్టాలు. పరీక్షకి అది చాలు. మైక్రోస్కోపు ముందు కూర్చున్నాక మాత్రం ఆ బొమ్మే అడ్డొస్తుంది.

అపోహ: సూక్ష్మనాళికలన్నీ సెంట్రోసోమ్ నుంచే పుడతాయి.

డిష్‌లో పెంచే ఫైబ్రోబ్లాస్టుల్ని (సంధాయక కణజాలపు కణాలు) చూస్తే అలాగే అనిపిస్తుంది. బొమ్మ వచ్చిందే అలాంటి కణాల నుంచి. ఒంట్లో పని చేసే కణాల సంగతి వేరు. పేగు లోపలి పొర కణంలో నాళికలు పైనుంచి కిందికి చాప పుల్లల్లా వరసగా ఉంటాయి. వాటి మైనస్ కొసల్ని, అంటే నాళిక మొదలయ్యే కొసల్ని, పై అంచు దగ్గర క్యాంసాప్-3 అనే ప్రోటీన్ పట్టుకుని ఉంటుంది. కండర కణాలు ఒకదానితో ఒకటి కలిసిపోయేటప్పుడు సెంట్రోసోమ్ ప్రోటీన్లే మకాం మార్చి కేంద్రకం పొర మీదికి చేరతాయి. న్యూరాన్‌లో అయితే ఆక్సాన్ అనే పొడవాటి తీగ మీటరు దాకా పోవచ్చు. అంత దూరానికి కణదేహంలోని సెంట్రోసోమ్ నుంచి ఒకే నాళిక వెళ్లదు, పొట్టి నాళికలు ఒకదాని పక్కన ఒకటి పేర్చుకుని ఉంటాయి.

నమ్మకం కుదరకపోతే మేం ల్యాబ్‌లో చేసే పాత ప్రయోగం ఒకటుంది. కణాలు అంటుకుని ఉన్న పల్చటి గాజుముక్కను (కవర్‌స్లిప్) అరగంట మంచు మీద పెడితే నాళికలు చాలావరకు విడిపోతాయి. తర్వాత 37 డిగ్రీల మీడియం పోసి, 30 సెకన్లు లెక్కపెట్టి, మైనస్ 20 డిగ్రీల మెథనాల్‌లో ముంచాలి. రంగు వేసి చూస్తే మామూలు కణంలో సెంట్రోసోమ్ దగ్గర చిన్న పువ్వు, కొన్ని రకాల కణాల్లో గాల్జీ దగ్గర కూడా పిలకలు. కండర తంతువులో కేంద్రకం చుట్టూ ఉంగరం. మెథనాల్ సీసా కోసం వెతుక్కుంటూ నిమిషం ఆలస్యం చేశారో, కణమంతా పోగులే. ఏది ఎక్కడ మొదలైందో ఇక తెలీదు. నాకు రెండు సోమవారాలు అలాగే పోయాయి.

అపోహ: నాళికల్ని పుట్టించేది సెంట్రియోల్.

కాదు. సెంట్రియోల్ అంటే సెంట్రోసోమ్ నడుమ ఉండే చిన్న గొట్టం లాంటి భాగం. నాళికల్ని పుట్టించేది దాని చుట్టూ ఉండే పదార్థం. అందులోని గామా-ట్యూబ్యులిన్ ఉంగరాలు అచ్చుగా పనిచేస్తాయి. తమాషా ఏంటంటే, గామా-ట్యూబ్యులిన్ 1989లో మొదట దొరికింది ఆస్పర్‌జిల్లస్ బూజులో. ఆ బూజుకి సెంట్రియోలే లేదు.

అపోహ: సెంట్రియోల్ లేకపోతే కణం విభజన చెందదు.

మొక్కల కణాలు ఏనాటి నుంచో అది లేకుండానే విభజన చెందుతున్నాయి. ఎలుక అండకణమూ అంతే. 2006లో సెంట్రియోల్స్ లేని డ్రోసోఫిలా ఈగలు పెద్దవై బయటికొచ్చాయని తేలింది. కానీ కాళ్లూ రెక్కలూ అదుపులో లేక త్వరగానే చచ్చిపోయాయి, ఎందుకంటే ఇంద్రియ న్యూరాన్లకు శైలికలు (కణం మీది సన్నని వెంట్రుకల్లాంటివి, సీలియా) లేవు. శైలికకు పునాది వేయడం సెంట్రియోల్ మాత్రమే చేయగల పని. విభజనలో అది సాయం చేస్తుంది, అంతే.

అపోహ: సూక్ష్మనాళికలు కణానికి ఎముకలు.

ఇవి భాగమైన నిర్మాణాన్ని కణాస్థిపంజరం (సైటోస్కెలిటన్) అంటారు. పేరులో అస్థిపంజరం ఉంది కాబట్టి వచ్చిన తిప్పలు. నాళిక పెరుగుతూ పెరుగుతూ ఉన్నట్టుండి కూలుతుంది, మళ్లీ పెరుగుతుంది. 1984లో శాస్త్రవేత్తలు మిచిసన్, కిర్ష్‌నర్ చూపించింది ఇదే. పెరటి బిళ్ళగన్నేరు నుంచి వచ్చే విన్‌క్రిస్టిన్ నాళికల్ని కట్టుకోనివ్వదు, టాక్సాల్ విడిపోనివ్వదు. రెండూ క్యాన్సర్ మందులే. రెండింటితోనూ తిమ్మిర్లు తరచుగా మొదలయ్యేది వేళ్ల కొసల్లో, పాదాల్లో, అంటే అతి పొడవాటి ఆక్సాన్లు ముగిసే చోట.