ముందు ఏది వంగాలి?

రాళ్ల దారిలో ఆగి ఉన్న మోటార్‌సైకిల్ పక్కకి ఒరిగి పడినా తగిలే దెబ్బ చిన్నదేం కాదు. 160 కిలోల బండి గరిమనాభి (బరువంతా ఒక్కచోటే ఉన్నట్టు లెక్కవేసే బిందువు) 30 సెంటీమీటర్లు కిందికి దిగిందనుకుంటే, వెలువడే శక్తి సుమారు 470 జౌళ్లు. 50 కిలోల బియ్యం బస్తా మీటరు ఎత్తు నుంచి నేలకు తగిలినంత పని. ఆ దెబ్బ ముందుగా హ్యాండిల్ చివర, ఫుట్‌రెస్టు తింటాయి.

ఆ శక్తి ఎక్కడో ఒకచోట ఖర్చయి తీరాలి. ఒక్క సెంటీమీటరులోనే ఆగిపోతే సగటు బలం 47,000 న్యూటన్లు. ఐదు సెంటీమీటర్లు వంగుతూనో జరుగుతూనో ఆగితే 9,400 చాలు. కాబట్టి బండికి ఇనుము తగిలించడం ఒక్కటే రక్షణ కాదు. చవకైనది ముందు వంగాలి, ఖరీదైనది మిగలాలి. ఇంటి కరెంటులో ఫ్యూజు చేసే పని అదే.

క్లచ్ లివర్‌ దగ్గర ఇది బాగా కనిపిస్తుంది. లివర్‌ని హ్యాండిల్‌కి పట్టి ఉంచే క్లాంపును గట్టిగా బిగిస్తే, పడగానే లివర్ పుటుక్కున విరుగుతుంది. క్లాంపు విప్పి, ఆ చోట హ్యాండిల్‌కి ప్లంబర్లు వాడే టెఫ్లాన్ టేపు రెండు మూడు చుట్లు వేయండి. మామూలుగా పట్టుకుంటే కదలకూడదు, అరచేత్తో గట్టిగా తోస్తే తిరగాలి, అంత బిగువు చాలు. అప్పుడు దెబ్బ తగిలితే లివర్ తిరిగిపోతుంది, మళ్లీ చేత్తోనే సరిచేసుకోవచ్చు. ముందు బ్రేకుకీ ఇదే పద్ధతి. చాలా లివర్ల చివర గుండు దగ్గర చిన్న గాడి ఉంటుంది, గమనించండి. విరిగితే అక్కడే విరిగి, రెండు వేళ్లకు పట్టు మిగలాలనే ఆ గాడి. అయినా అదనంగా క్లచ్, బ్రేకు లివర్లు రెండూ వెంట ఉంచుకోవాలి.

హ్యాండ్‌గార్డు ఒక్కచోటే బిగించే ప్లాస్టిక్‌దైతే కొమ్మలను, గాలిని ఆపుతుంది, అంతే. లివర్‌ని కాపాడాలంటే లోపల అల్యూమినియం పట్టీ ఉండి, హ్యాండిల్ చివర ఒకచోట, లోపలివైపు ఒకచోట బిగిసేది కావాలి. బిగించాక హ్యాండిల్ రెండువైపులా పూర్తిగా తిప్పి చూడండి. క్లచ్ కేబుల్ నలిగితే క్లచ్ బరువెక్కుతుంది.

కింద సంప్ గార్డ్, అంటే ఇంజిన్ అడుగును రాళ్ల నుంచి కాపాడే పలక. హీరో ఎక్స్‌పల్స్ 200 నేలకు 220 మిల్లీమీటర్ల ఎత్తులో ఉంటుంది. కానీ గుంతలో సస్పెన్షన్ 150 కుంగితే మిగిలేది 70 మాత్రమే, అంటే అరచేతి వెడల్పంత కూడా ఉండదు. 4 మిల్లీమీటర్ల అల్యూమినియం పలక మంచిది. దాన్ని ఇంజిన్‌కి కాదు, ఫ్రేముకే బిగించాలి. ఇంజిన్‌కీ పలకకూ మధ్య వేలెడు సందు ఉండాలి, లేకపోతే రాయి కొట్టిన దెబ్బ నేరుగా కేసింగ్‌కి చేరుతుంది. ఆ సందులో బురద గడ్డకడితే వేడి బయటకు పోదు, కడిగేటప్పుడు దాన్ని మర్చిపోకండి.

ఊళ్లో వాడే వెడల్పాటి క్రాష్ గార్డుతోనే (ఇంజిన్ పక్కల బిగించే గొట్టాల చట్రం) అసలు తంటా. ఒక్క ఇంజిన్ బోల్టుకి వేలాడే పొడవాటి గొట్టం పడ్డప్పుడు గునపంలా పనిచేసి, ఆ బోల్టునో అది దూరే చెవినో విరగ్గొడుతుంది. ఫ్రేముకి రెండు మూడు చోట్ల బిగిసి, కుడి ఎడమలను కలిపే అడ్డకమ్మీ ఉన్నదే తీసుకోండి.

పడ్డాక ముందు హ్యాండిల్ మీది కిల్ స్విచ్‌తో ఇంజిన్ ఆపాలి. క్లచ్ కవర్ చిట్లి ఆయిల్ కారుతుంటే, ఇంజిన్ చల్లారాక బండిని రెండోవైపు ఒరిగించి, ఆ చోట పెట్రోలు గుడ్డతో జిడ్డు లేకుండా తుడిచి, గరుకు కాగితంతో గీరి, ఎం-సీల్ రెండు భాగాలూ సమంగా పిసికి అద్దండి. ఇంటికి చేరడానికి మాత్రమే అది. హ్యాండిల్ సూటిగా ఉన్నా చక్రం పక్కకి చూస్తుంటే ఫోర్కు (ముందు చక్రాన్ని పట్టి ఉంచే రెండు గొట్టాలు) మెలిపడినట్టే: ముందు చక్రాన్ని మోకాళ్ల మధ్య పట్టుకుని, ఫోర్కు క్లాంపు బోల్టులు కాస్త వదులుచేసి, హ్యాండిల్‌ను సరిగ్గా తిప్పి మళ్లీ బిగించాలి. ఆయిల్ మట్టం చూసి, రెండు బ్రేకులూ నొక్కి చూసి, ఆ తర్వాతే స్టార్ట్ చేయాలి.