హైస్కూల్లో ఆటల పీరియడ్ ఎలా మాయమైంది?

2024 నవంబరు చివర్లో తెలంగాణ ప్రభుత్వం పదో తరగతిలో 20 ఇంటర్నల్ మార్కులు తీసేసి పరీక్ష మొత్తం 100 మార్కులకే పెడతామని ప్రకటించింది, విద్యా సంవత్సరం మధ్యలో ఇదేం పద్ధతని గోల మొదలవగానే ఆ ఏడాదికి వాయిదా వేసింది. అప్పుడు హైదరాబాద్ పేరెంట్స్ వాట్సాప్ గ్రూపుల్లో తిరిగిన టెన్షన్ అంతా ఒక్కటే, గ్యారంటీగా వచ్చే ఆ 20 పోతే మా పిల్లల సంగతేంటని. ఆ 20 మార్కులు అసలు ఎందుకు పెట్టారని మాత్రం ఎవరూ అడగగా నేను చూడలేదు. పిల్లలు బయటికి వెళ్ళి నాలుగు విషయాలు కనుక్కుని వస్తారని, ప్రయోగాలు చేస్తారని, క్లాసులో నోరు విప్పుతారని పెట్టిన మార్కులవి. అలాంటి మార్కులు ఊరికే వచ్చే మార్కులుగా ఎలా మారాయో తెలియాలంటే చాలా వెనక్కి వెళ్ళాలి.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఆటలు, పాటలు, నాటకాలు, ప్రాజెక్టులు బడిలో ఉండాలని మనకి చెప్పని కమిషన్ లేదు. అవి నిలబడింది మాత్రం ఆ పనికంటూ ఒక మాస్టారిని వేసి, టైమ్‌టేబుల్లో ఒక గంట ఇచ్చి, ఆ గంటని మ్యాథ్స్ సారు లాక్కోకుండా కాపాడిన బడుల్లోనే.

నిజాం కాలంలో ఈ వసతి పెద్దింటి పిల్లలకే. బేగంపేటలో ఇప్పుడు హైదరాబాద్ పబ్లిక్ స్కూల్ ఉన్న చోట 1923లో మొదలైంది జాగీర్దార్ కాలేజీ, అంటే జాగీర్దార్ల పిల్లల కోసం కట్టిన బడి. జాగీర్లు రద్దయ్యాక 1951లో అది పబ్లిక్ స్కూల్ అయింది గానీ మైదానాలు, బడి అంటే సగం ఆటలే అన్న అలవాటు అలాగే ఉండిపోయాయి. హర్షా భోగ్లే, సత్య నాదెళ్ల అక్కడే చదివారు. టీముగా పనిచేయడం, నాయకత్వం తనకి స్కూలు క్రికెట్‌లోనే అబ్బాయని నాదెళ్ల చాలాసార్లు చెప్పాడు. ఆ మాట మన ఇళ్ళలో సగమే వినపడింది, మైక్రోసాఫ్ట్ గుర్తుండిపోయింది, క్రికెట్ జారిపోయింది.

మామూలు బడుల్లో సంగతి వేరు, అక్కడ మైదానం కంటే మనిషి ముఖ్యం. దీనికి ఈ ఊళ్ళో సయ్యద్ అబ్దుల్ రహీం కంటే పెద్ద ఉదాహరణ నాకు కనపడదు. భారత ఫుట్‌బాల్ జట్టుని 1951లో, 1962లో ఆసియా క్రీడల్లో స్వర్ణం దాకా, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం దాకా తీసుకెళ్ళిన కోచ్ ఆయన. అంతకుముందు ఆయన బడిపంతులు. కాచిగూడ మిడిల్ స్కూల్లో, దారుల్ ఉలూమ్‌లో, చాదర్‌ఘాట్ హైస్కూల్లో పాఠాలు చెప్పాడు, వ్యాయామ విద్యలో డిప్లొమా చేసి బళ్ళో ఆటల బాధ్యత తీసుకున్నాడు. డ్రిబ్లింగ్ చేయకూడదన్న షరతుతో పోటీలు, బలహీనమైన కాలితోనే ఆడాలన్న షరతుతో పోటీలు పెట్టేవాడు. ఇందులో నాకు కనిపించేది కోచ్ కంటే ముందు టీచరే. చేతకాని దాన్ని తిట్టి నేర్పించకుండా, ఆటగా మార్చి దాన్నే పదేపదే చేయించడం పాఠం చెప్పడం తెలిసినవాడి ఆలోచన.

స్వాతంత్ర్యం వచ్చాక కాగితాల మీద అన్నీ చకచకా జరిగాయి. 1948లో ఎన్‌సీసీ చట్టం, 1950లో భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్, 1954లో స్కూల్ గేమ్స్ ఫెడరేషన్. ఈ మధ్యలోనే 1952-53లో ముదలియార్ కమిషన్ సెకండరీ విద్య మీద నివేదిక ఇస్తూ, పరీక్షలు బడిని మింగేస్తున్నాయని, సహపాఠ్య కార్యక్రమాలు చదువులో భాగమే తప్ప అదనం కాదని తేల్చింది. 1964-66 కొఠారీ కమిషన్ పని అనుభవం అంది, 1977లో ఈశ్వర్‌భాయ్ పటేల్ కమిటీ దానికి ఎస్‌యూపీడబ్ల్యూ, అంటే సమాజానికి పనికొచ్చే ఉత్పాదక పని అని పేరు పెట్టింది. మన ప్రభుత్వ బడుల్లో డ్రాయింగ్ మాస్టారు, క్రాఫ్ట్ టీచరు, డ్రిల్ మాస్టారు అనే పోస్టులు ఉండేవి, ఆ పోస్టులో మనిషి ఉన్నన్నాళ్ళు పని జరిగింది. రిటైరయ్యాక ఖాళీ నింపని చోట క్రాఫ్ట్ గది స్టోర్ రూమ్ అయిపోయింది.

బడి బయట కూడా కొంత ఆసరా ఉండేది. రేడియో అన్నయ్యగా అందరికీ తెలిసిన న్యాయపతి రాఘవరావు, రేడియో అక్కయ్య కామేశ్వరి మద్రాసు నుంచి వచ్చాక పిల్లల రేడియో కార్యక్రమం బాలానందం ఇక్కడి పిల్లలదయింది, మైకు ముందు నిలబడి తడబడకుండా మాట్లాడటం ఎందరో అక్కడే నేర్చుకున్నారు. పబ్లిక్ గార్డెన్స్‌లో జవహర్ బాల భవన్ ఇప్పటికీ పిల్లలకి సంగీతం, నాట్యం, బొమ్మలు నేర్పుతోంది.

పైసా ఖర్చు లేకుండా మన బడులు చేసిన మంచి పని ఒకటుంది, స్వపరిపాలన దినోత్సవం. నవంబరు 14కో సెప్టెంబరు 5కో పదో తరగతి అమ్మాయి అమ్మ చీర కట్టుకుని, హాజరు పట్టీ చంకలో పెట్టుకుని ఆరో తరగతికి పాఠం చెప్పడానికి వస్తుంది. ముందు రోజు రాత్రి పాఠం బట్టీ పట్టే ఉంటుంది. అయినా మూడో బెంచీ పిల్లాడు ఎందుకు టీచర్ అని అడగగానే ఆగిపోతుంది, సుద్దముక్క చేతిలో తిప్పుకుంటూ కాసేపు ఆలోచిస్తుంది, చివరికి పుస్తకంలో మాట వదిలేసి తన మాటల్లో చెబుతుంది. ఆ క్షణంలో ఆ అమ్మాయికి ఆ పాఠం నిజంగా అర్థమవుతుంది. ఏ స్లిప్ టెస్టు ఇంతపని చేయగలదు?

తర్వాత 1986లో ఎంసెట్ వచ్చింది. పరీక్ష చెడ్డదని నేననను, సిఫారసులతో, డొనేషన్లతో పోలిస్తే ర్యాంకు న్యాయమైన పద్ధతి, దానివల్ల బాగుపడ్డ పేద ఇళ్ళు చాలా ఉన్నాయి. కానీ జీవితం ఒక్క ర్యాంకు మీద తిరుగుతుందని తేలాక, ర్యాంకులో లెక్కకి రానివన్నీ టైమ్‌వేస్ట్ అయ్యాయి. అదే దశాబ్దంలో నల్లకుంటలో చుక్కా రామయ్య గారి ఐఐటీ కోచింగ్ ఎంత పేరు తెచ్చుకుందంటే, అక్కడ సీటు కోసం రాసే ఎంట్రన్స్‌కి విడిగా కోచింగ్‌లు వెలిశాయి. తొంభైల్లో రెసిడెన్షియల్ ఇంటర్ కాలేజీలు, ఆ తర్వాత ఆరో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్, బోర్డు మీద ఒలింపియాడ్, టెక్నో లాంటి మాటలు. అపార్ట్‌మెంట్ లాంటి భవనాల్లో మూడు నాలుగు అంతస్తుల బడులు వచ్చాయి, అసెంబ్లీ కారిడార్లో జరుగుతుంది, ఆట అంటే క్యారమ్స్. ఆటల పీరియడ్ టైమ్‌టేబుల్లో ఉంటుంది, తొమ్మిదికి వచ్చేసరికి దాన్ని ఫిజిక్స్ సారు తీసుకుంటాడు, పదిలో ఆ గడే ఉండదు.

2009 విద్యాహక్కు చట్టం నిరంతర సమగ్ర మూల్యాంకనం చేయమంది, అంటే చివరి పరీక్ష ఒక్కటే కాకుండా ఏడాది పొడవునా పిల్లల్ని అన్ని రకాలుగా అంచనా వేయడం. 2014-15లో తెలంగాణలో అది పదో తరగతికి కూడా వచ్చింది, 80 మార్కులకి పరీక్ష, 20 ఇంటర్నల్స్. నాలుగు నిర్మాణాత్మక మూల్యాంకనాలు (ఎఫ్ఏలు), అందులో పిల్లల భాగస్వామ్యం, రాత అంశాలు, ప్రాజెక్టు పని, లఘుపరీక్ష. విలువల విద్య, కళలు, పని విద్య, వ్యాయామ విద్యకి మెమోలో విడిగా గ్రేడ్లు. ఆలోచన చాలా మంచిది, దాన్ని రాసినవాళ్ళ మీద నాకు గౌరవముంది. అయితే నలభై యాభై మంది ఉన్న క్లాసులో ఒకే టీచరు ఇదంతా చూడాలంటే ఏమవుతుందో అదే అయింది. ఎఫ్ఏ వారంలో స్కూలు పక్కన నెట్ సెంటర్‌కి వెళ్ళి చూడండి. క్లాసు, టాపిక్ చెబితే చాలు, కంప్యూటర్లో రెడీగా ఉన్న ఫైలు తెరిచి పేరు, రోల్ నంబరు మార్చి, కలర్ ప్రింట్ తీసి స్పైరల్ వేసి ఇచ్చేస్తారు. మూసీ కాలుష్యం మీద అలా ప్రాజెక్టు ఇచ్చేవాళ్ళలో రోజూ చాదర్‌ఘాట్ వంతెన మీదుగా బస్సులో స్కూలుకి వెళ్ళే పిల్లలూ ఉంటారు! బస్సు దిగి ఒక సీసాలో నీళ్ళు పట్టుకురమ్మని చెప్పే తీరిక టీచరుకి లేదు. మార్కులు 19, 20 పడిపోతాయి.

ఇదంతా వట్టి సరదా వ్యవహారమా అంటే కాదు. అమెరికాలో 1918లోనే హైస్కూల్ లక్ష్యాలంటూ ఏడు రాసుకుంటే అందులో ఆరోగ్యం, పౌరసత్వం, తీరిక సమయాన్ని బాగా వాడుకోవడం ఉన్నాయి. అక్కడే మహోనీ, కెయిర్న్స్ అనే ఇద్దరు పరిశోధకులు 392 మంది పిల్లల్ని ఏడో తరగతి నుంచి పన్నెండు దాకా గమనించి 1997లో ప్రచురించారు: బడి మానేసే ప్రమాదం ఎక్కువున్న పిల్లల్లో, ఏదో ఒక కార్యక్రమంలో ఉన్నవాళ్ళు బడి మానేయడం బాగా తక్కువగా కనిపించింది. చదువులో ముందున్న పిల్లల విషయంలో పెద్ద తేడా లేదు. మనం చేసేది సరిగ్గా దీనికి రివర్సు, వెనకబడ్డ పిల్లాడిని ముందు ఆటల్లోంచే తీసి స్టడీ అవర్‌లో కూర్చోబెడతాం.

మన దగ్గర చేసి చూపించిన వాళ్ళు లేకపోలేదు. 2014 మే 25న మాలావత్ పూర్ణ ఎవరెస్ట్ ఎక్కినప్పుడు ఆమెకి పద్నాలుగేళ్ళు కూడా నిండలేదు, తోడు ఎక్కిన ఆనంద్ కూడా సాంఘిక సంక్షేమ గురుకుల విద్యార్థే. ఇద్దరి శిక్షణా హైదరాబాద్‌కి గంట దూరంలో ఉన్న భువనగిరి కొండ మీద మొదలైంది. పేద ఇళ్ళ పిల్లలకి ఇది సాధ్యమైందంటే, అప్పటి గురుకులాల సొసైటీ కార్యదర్శి ప్రవీణ్ కుమార్ పట్టుదల, కోచ్‌లు, రోజూ దానికంటూ ఇచ్చిన సమయం, ఈ మూడూ ఒక చోట చేరాయి కాబట్టే.

నన్ను ఎక్కువ బాధపెట్టేది చట్టంలోనే ఉంది. వందమంది పిల్లలు దాటిన బడిలో కళలకి, ఆరోగ్య-వ్యాయామ విద్యకి, పని విద్యకి పార్ట్‌టైమ్ ఇన్‌స్ట్రక్టర్లు ఉండాలని విద్యాహక్కు చట్టం షెడ్యూల్ చెబుతోంది, అయితే ఆరు నుంచి ఎనిమిది వరకే. 2020 జాతీయ విద్యా విధానం చెప్పిన పది రోజుల బ్యాగ్‌లెస్ చదువూ ఆరు నుంచి ఎనిమిదికే. తొమ్మిది, పది తరగతులకి ఆ మనిషిని ఇమ్మని బడిని నిలదీయడానికి ఈ రెండింట్లో ఆధారం లేదు, ఫీజు కట్టే ముందు అడగడమే మిగిలింది. అందుకే వచ్చే జూన్‌లో బ్రోచర్లో స్విమ్మింగ్ పూల్ ఫోటో చూసి ఆగిపోకుండా, తొమ్మిదో తరగతి టైమ్‌టేబుల్ చూపించమనండి. పీఈటీ ఎవరో, ఆయన ఆ స్కూల్లో ఎన్నేళ్ళుగా ఉన్నారో, నిరుడు జోనల్ ఆటలకి పదో తరగతి నుంచి ఎవరిని పంపారో కూడా అడగండి.