కుక్క ‘కుక’ ఎందుకైంది? ఒకటో తరగతి తెలుగు గొడవ వెనుక కథ

‘‘రెండో తరగతికొచ్చినా మా వానికి అఆలు వరసగా రావు సార్.’’ కర్నూలు, అనంతపురం, కడప జిల్లాల బడుల్లో తల్లిదండ్రుల సమావేశం పెడితే చాలు, ఈ మాట మళ్లీ లేస్తోంది. వర్ణమాలతోనే మొదలుపెట్టాలనేవాళ్లు నేరమంతా పద పద్ధతి మీద వేస్తున్నారు. బొమ్మ చూపించి ‘వల’ అనిపించి, అందులోంచి వ, ల విడదీసి, వాటితో కొత్త మాట కట్టించడం ఆ పద్ధతి. పూర్వం అఆలు కంఠతా వచ్చాకే మాట దాకా పోయేవాళ్లమని వాళ్ల వాదన.

పాత రికార్డు పూర్తిగా అలా లేదు. అనంతపురం ప్రాంతం బళ్లారి జిల్లాలో ఉన్న రోజుల్లో, 1823లో, కలెక్టర్ క్యాంప్‌బెల్ ఇక్కడి బడుల మీద నివేదిక పంపాడు. పిల్లలు అక్షరాన్ని నోటితో వల్లెవేయడం ద్వారా కాక, ఇసుకలో వేలితో రాసి నేర్చుకుంటున్నారని అందులో ఉంది.

ఇప్పటి గొడవకు మూలం 2019 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఇచ్చిన 81, 85 జీవోలు (ఉత్తర్వులు). ప్రభుత్వ బడుల్లో ఇంగ్లిష్ మీడియం తప్పనిసరి, తెలుగు ఒక సబ్జెక్టు. 2020 ఏప్రిల్ 15న హైకోర్టు ఆ జీవోలు కొట్టేసింది. అయినా 2020–21 విద్యా సంవత్సరం నుంచే ఎదురెదురు పేజీల్లో రెండు భాషలున్న పుస్తకాలు పిల్లల చేతికొచ్చాయి. అంతకుముందు లెక్కల పుస్తకంలో ‘మొత్తం’, ‘ఎన్ని’ చదివినా అది తెలుగు చదువే. ఇప్పుడు టీచరు ఇంగ్లిష్ పేజీ చదివి నోటితో తెలుగులో చెబితే, ఎదుటి పేజీ చదవకుండానే పాఠం అయిపోతుంది. వత్తుల మీద కన్ను నిలిచే సమయం అక్కడ పోయింది.

పైగా ఏబీసీడీలు 26 వచ్చేసరికి ఇంట్లో వాళ్లకు తెలుగు వెనకబడినట్టు కనిపిస్తుంది. తెలుగులో 30 హల్లులకే 12 గుణింతాల చొప్పున వేసుకున్నా 360 రూపాలు. వత్తులు వేరే.

పిల్లలు ఆగేది ఇక్కడే. ‘వ’కు కొమ్ము పక్కన పెడితే ‘మ’ అయిపోతుంది. అందుకే ‘వు’, ‘పు’లలో కొమ్ము కిందికి దిగుతుంది. ఈ ఒక్క సంగతి చెప్పకపోతే ‘పులి’, ‘ఆవు’ రాసిన ప్రతిసారీ తప్పే. డిక్టేషన్‌లో ‘కుక్క’ను ‘కుక’ అని రాసేవానికి క రాదని కాదు, ఒత్తి పలికే చోట రెండు హల్లులున్నాయని చెవికి తెలియలేదు. ‘కుక్–క’ అని విరిచి, రెండు చప్పట్లతో పలికిస్తే దారికొస్తుంది.

వత్తుల వరస కూడా ముఖ్యం. గ, డ, ద, వ వత్తులు తలకట్టు లేని అక్షరాల్లాగే ఉంటాయి: మగ్గం, గడ్డి, మిద్దె, అవ్వ. ముందు ఇవి చెప్పాలి. త, న, మ, య, ర, ల వత్తులకు అక్షరంతో పోలికే ఉండదు. మనం బిడ్డకు మొట్టమొదట చూపించే ‘అమ్మ’లో ఉన్నది ఆ కష్టమైన మ వత్తే. బొమ్మ ఉంటే ‘అమ్మ’ అంటాడు, బొమ్మ మూసి ‘సొమ్ము’ రాసిస్తే ఆగిపోతాడు. మాట చూపించి, విడదీయకుండా వదిలేసిన తరగతుల్లో ఇలా జరుగుతుంది. అక్కడ వర్ణమాల పక్షం ఫిర్యాదు నిజమే. అయితే అఆలు వరసగా అప్పజెప్పే పిల్లలు కూడా ‘సొమ్ము’ దగ్గరే ఆగుతున్నారు.

పిల్లలకు చదవడం, లెక్కలు రావాలని కేంద్రం 2021 జూలైలో మొదలుపెట్టిన నిపుణ్ భారత్ కార్యక్రమం దీనికి గడియారం తగిలించింది: మూడో తరగతికి నిమిషానికి కనీసం 60 పదాలు చదవాలి, గడువు 2026–27. తెలుగులో ‘వచ్చినప్పుడల్లా’ ఒక్క పదం. అందులో చ వత్తు, ప వత్తు, ల వత్తు మూడూ ఉన్నాయి. రోజుకు ఒక వత్తు, ఐదు మాటలు, పది నిమిషాలు ఒకటో తరగతి చివర్లోనే మొదలుపెట్టని బడిలో, ఆ నిమిషంలో సగం ఈ ఒక్క మాట దగ్గరే అయిపోతుంది.